లోవెల్ క్రూస్ ఏ ఒడ్డు మనిషి

నలభై ఒక్క మంది. అందులో నలభై మందితో పేచీ లేదు, మిగిలింది ఒక్కడు, ఆ ఒక్కడూ ఇప్పుడు ఎదురు బల్ల మీద కూర్చుని, టోపీ మోకాలికి తగిలించుకుని, పిప్పరమెంటు బిళ్ళ చప్పరిస్తున్నాడు. విచారణ పది గంటలకు. గోడ గడియారంలో తొమ్మిదీ ఐదు. మార్వా టెస్‌డాల్ ముప్ఫై మూడేళ్ళుగా వకీలు, ఎన్ని వరండాల్లో ఎన్ని గంటలు ఇలా పడిగాపులు పడిందో లెక్కే లేదు, కానీ ఒక ముసలాయన చొక్కా గుండీల వంక ఇంత భయభక్తులతో చూస్తూ కూర్చోవడం ఇదే మొదలు. పై గుండీ ఊడి ఉంది. కుట్టేవాళ్ళు లేరు కాబోలు, కూతురు ఉద్యోగానికి పోతుంది, ఆయన భార్య పోయి ఆరేళ్ళు, ఇవన్నీ మార్వాకి కంఠతా వచ్చు, ఆయన పళ్ళ డాక్టరు పేరు కూడా వచ్చు, అయినా ఆయనతో పలకరింపుగానైనా మాట్లాడకూడదని తనకు తనే ఒట్టు పెట్టుకుంది. సాక్షికి చిలకపలుకులు నేర్పిందన్న మాట పడడం కంటే నోరు కుట్టుకోవడం నయం. మిసిసిపీ మీద ఈ ఒడ్డున డావెన్‌పోర్ట్, అయోవా రాష్ట్రం. ఆ ఒడ్డున రాక్ ఐలండ్, ఇల్లినాయ్. కిటికీలోంచి నది జానెడు ముక్క కనిపిస్తోంది, అక్టోబరు నది, ఎరగనట్టు పడుకుని ఉంది, నాలుగేళ్ళ కిందటి వసంతంలో వరదై చేసిన నిర్వాకమంతా తనది కానట్టు.

ఒక్క వాక్యం. నాలుగున్నరేళ్ళ కిందట తన చేత్తో తను రాసిన ఒక్క వాక్యం కొంప ముంచింది. ‘ప్రతివాది ప్రెయిరీ బెండ్ ఎల్‌ఎల్‌సీ డెలవేర్ చట్టం కింద ఏర్పడినది, దాని ప్రధాన కార్యాలయం ఇల్లినాయ్‌లో ఉన్నది.’ ఏదో పాత ఫిర్యాదులోంచి ఎత్తి రాసింది, ఆ పాత ప్రతివాది కార్పొరేషన్, దానికి ఆ వాక్యం అచ్చంగా సరిపోతుంది, పుట్టిన రాష్ట్రమూ పెద్ద ఆఫీసున్న రాష్ట్రమూ చెబితే కార్పొరేషన్ ఎవరిదో తేలిపోతుంది. ఎల్‌ఎల్‌సీ అంటే కొందరు వాటాదారులు కలిసి పెట్టుకున్న సంస్థ, దానికి అలా సొంత ఊరంటూ ఉండదు. దాని సభ్యులు ఏయే రాష్ట్రాల వాళ్ళో అదీ ఆయా రాష్ట్రాలదే, అన్నిటిదీ ఒకేసారి. అయోవా మనిషి అయోవా మనిషి మీద ఫెడరల్ కోర్టుకి పోవడానికి వీల్లేదు, వేరు వేరు రాష్ట్రాల వాళ్ళయితేనే ఆ తలుపు తెరుచుకుంటుంది, అవతలి వైపు సభ్యుల్లో ఒక్కడు, అర శాతం వాటా వాడైనా సరే, వాది రాష్ట్రంవాడని తేలిందా, కోర్టుకి ఆ కేసులో నోరెత్తే హక్కు మొదటినుంచీ లేనట్టే. ఈ సంగతి చదువుకునే రోజుల్లోనే చెబుతారు. పిల్ల వకీళ్ళు చేసే తప్పు ఇది, ముదురు వకీళ్ళూ చేస్తారు, ఎందుకంటే చదివే కంటికి ఆ వాక్యం ఎంతో నిండుగా కనిపిస్తుంది. అవతలి వకీలు శాండ్‌క్విస్ట్, షికాగో మనిషి, తన జవాబులో ఆ వాక్యం ఎదురుగా ‘ఒప్పుకుంటున్నాము’ అని రాశాడు. ఇద్దరూ ఒప్పుకున్నారు కదా, ఇంకెవరికి బాధ? అదే కదా విడ్డూరం. వాదీ ప్రతివాదీ చేతులు కలిపి, దండం పెట్టి, బాబ్బాబు మా తగువు తీర్చమని అడిగినా సరే, లేని అధికారం కోర్టుకి రాదు. అధికారం ఎవరూ ఇస్తే వచ్చేది కాదట, ఉంటే ఉంది, లేకపోతే లేదు.

అసలు కేసు విచారణ అంతకు ముందే తొమ్మిది రోజులు నడిచింది. ఎనిమిది మంది జ్యూరీ. వాది డార్లా హింక్, అయోవా పిల్ల, తన మేనమామ మొక్కజొన్న లారీ తోలుకుంటూ ప్రెయిరీ బెండ్ గాదె దగ్గరికి వెళ్ళింది, గింజల్ని పైకి లాగే తిరుగుడు మర ఆమె కుడి చేతిని మోచేతి పైదాకా లాక్కుంది. మర మీద ఉండాల్సిన ఇనప మూత లేదు. తొందరకొద్దీ ఆ పిల్లే మూత పీకేసిందని కంపెనీ వాదన, తను వెళ్ళేసరికే మూత లేదని డార్లా మాట. ఆ ఒక్క మాట కోసమే ఆమె పోరాడింది, చెయ్యి ఎటూ రాదు కదా, నేను అబద్ధం ఆడలేదని ఎవరైనా అంటే చాలు మార్వాగారూ అనేది, గాదె దగ్గర పనిచేసే సగం మంది ఆమెతో కలిసి చదువుకున్నవాళ్ళు, దుకాణంలో ఎదురుపడితే మొహం తిప్పుకునేవాళ్ళు. ఎనిమిది మందీ ఆమెను నమ్మారు. ఆ మాట చదువుతున్నప్పుడు డార్లా ఉన్న ఒక్క చేత్తో బల్ల అంచు పట్టుకుని నిలబడి, నవ్వలేదు, ఏడవలేదు, ఊపిరి పీల్చుకుంది అంతే, ఎన్నేళ్ళకో పీల్చుకున్నట్టు. ఆ తర్వాత పదకొండో రోజున జడ్జి ఆస్గుడ్ నుంచి నాలుగు లైన్ల ఆర్డరు వచ్చింది. తుది తీర్పు మీద సంతకం పెట్టే ముందు ఫిర్యాదు మొదటి పేజీ మళ్ళీ చదివారట. ప్రతివాది సభ్యులెవరు? వాళ్ళు ఎక్కడి వాళ్ళు? అంతే. ఎవరూ అడగని ప్రశ్న, ఎవరికీ అక్కర్లేని ప్రశ్న, ఆవిడ తనను తనే ప్రశ్నించుకుంది, నాకు ఈ కుర్చీలో కూర్చునే హక్కు ఉందా అని. మార్వాకి ఆ కాగితం చదవగానే మొదట కోపం వచ్చింది, ఆ రాత్రి నిద్ర పట్టక దొర్లుతుంటే ఇంకేదో వచ్చింది, దానికి పేరు పెట్టడం ఇప్పటికీ చేతకాలేదు. ఇంత పెద్ద భవనం, ఇన్ని స్తంభాలు, తుపాకులు పెట్టుకున్న కాపలావాళ్ళు, వీటన్నిటి మీదా కూర్చున్న మనిషి, సంతకం పెట్టబోయి కలం కింద పెట్టి, ‘ఆగండి, ఇది నాది కాదేమో’ అనడం.

తీగ లాగితే డొంకంతా కదిలింది. ప్రెయిరీ బెండ్‌కి సభ్యులు ముగ్గురు. ముగ్గురిలో ఇద్దరు మనుషులు కారు, వాళ్ళూ ఎల్‌ఎల్‌సీలే. వాటిల్లో ఒకదానికి సభ్యులు ఐదు, అందులో ఒకటి భాగస్వామ్యం, ఆ భాగస్వామ్యం లోపల మళ్ళీ ఇంకో ఎల్‌ఎల్‌సీ. భోజనాల బల్ల మీద పెద్ద కాగితం పరిచి పెన్సిలుతో డబ్బాలు గీసుకుంటూ పోతుంటే, కాగితం చాలక రెండోది అతికించింది, భర్త ఆర్లెన్ పళ్ళేలు పట్టుకుని వచ్చి, “ఇది కంపెనీయా, ఎవరిదైనా వంశవృక్షమా? ఇంతకీ మనం ఎక్కడ తినాలి?” అన్నాడు. సింకు దగ్గర నిలబడి తిన్నారు. డబ్బాలో డబ్బా, పేరు వెనక పేరు, అన్నీ కొండలూ నదులూ డేగల పేర్లే, మనిషి అలికిడి లేదు, ఇంక ఇలా దిగుతూనే ఉంటామేమో అనుకునేంతలో ఒక్కసారి అడుగు తగిలింది. మనుషులు. అరిజోనాలో పళ్ళ డాక్టరు. నెబ్రాస్కాలో బళ్ళో బ్యాండు నేర్పి రిటైరైన మేష్టారు. మిన్నెసోటాలో తొమ్మిదేళ్ళ కవలలు, తాతగారు వాళ్ళ పేరున రాసిపెట్టాడు. ఒక గుర్రాల వైద్యురాలు. ఒకాయన పోయాడు, కానీ కేసు వేసిన రోజుకి బతికే ఉన్నాడు, అంటే చట్టం లెక్కలో ఆయన ఇంకా ఆ రోజు పొద్దున మిల్‌వాకీలో తన మంచం మీంచి లేస్తూనే ఉన్నాడు. ఆ రోజే ఆ రోజు. మే నెల రెండో తారీఖు, గురువారం. కోర్టు చూసేది ఆ ఒక్క రోజునే, తర్వాత ఎవరు ఎటు పోయినా, ఏ ఊరు మారినా లెక్కలోకి రాదు, నలభై ఒక్క మందీ ఆ గురువారం నాడు ఎక్కడున్నవాళ్ళు అక్కడ నిలబడిపోయి ఉంటారు. ఏడు రాష్ట్రాల్లో నలభై ఒక్క వంటిళ్ళు, నలభై ఒక్క కాఫీలు, వాళ్ళెవరికీ డార్లా పేరు తెలియదు, వాళ్ళలో ఏ ఒక్కరి దుప్పటి అయోవాలో పరిచి ఉన్నా ఆమె మాట చెల్లదు. కాగితం మీద ఆ పేర్లు చూస్తుంటే మార్వా పెన్సిలు కింద పెట్టేసింది. మనుషులు ఇంతగా ఒకళ్ళతో ఒకళ్ళు ముడిపడి ఉన్నారని ఎవరైనా చెబితే ప్రార్థనాలయంలో తల ఊపి ఇంటికొచ్చేది, ఇప్పుడు పెన్సిలు గీతల్లో కళ్ళారా చూసింది.

నలభై ఒకటోవాడు లోవెల్ క్రూస్. నది మీద పడవల కోసం లాకు తలుపులు తెరిచి మూసే పనిలో ముప్ఫై రెండేళ్ళు చేశాడు, రిటైరయ్యాక బావమరిది మాట విని రైతుల ఎల్‌ఎల్‌సీ ఒకదానిలో చిన్న వాటా కొన్నాడు. అది ఇంకొకదానిలో సభ్యురాలని, ఆ ఇంకొకటి ప్రెయిరీ బెండ్‌లో సభ్యురాలని ఆయనకేం తెలుసు? క్రిస్మస్‌కి ఒక టోపీ, ఒక కేలెండరు వచ్చేవి, అంతే. ఇల్లు రాక్ ఐలండ్‌లో, పుట్టి పెరిగిందీ అక్కడే. ఆ వసంతంలో నది ఇంట్లోకి వస్తే వంతెన దాటి ఈ ఒడ్డున కూతురు జోలీన్ ఇంటికి వచ్చాడు. ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. మరి ఆ గురువారం నాటికి ఎవరివాడు? చట్టం చెప్పేది చూస్తే మార్వాకి ముచ్చటేస్తుంది, ఈ మాట ఎవరు మొదట అన్నారో గానీ ఇల్లంటే ఏమిటో తెలిసిన మనిషే అయి ఉండాలి. ఒళ్ళు ఒకచోట ఉంటే చాలదు, ఇక ఇక్కడే అని మనసు కూడా అనుకోవాలి. రెండూ కలిసిన క్షణాన మనిషి రాష్ట్రం మారతాడు. అందాకా పాత ఒడ్డువాడే, పదేళ్ళు చుట్టం ఇంట్లో పడుకున్నా సరే. మారాడని రుజువు చెయ్యాల్సిన భారం శాండ్‌క్విస్ట్ మీదే, మారనంతసేపూ డార్లా బతికినట్టే. ఓటు నవంబరులో మార్చుకున్నాడు, లైసెన్సు సెప్టెంబరులో, ఆ ఏటి పన్ను కట్టింది ఇల్లినాయ్‌లోనే. కాగితాలన్నీ ఆయనను ఆ ఒడ్డునే ఉంచుతున్నాయి. గడియారంలో తొమ్మిదీ ఇరవై రెండు.

లిఫ్టు తలుపు తెరుచుకుని డార్లా వచ్చింది. మార్వా పక్క బల్ల ఖాళీగానే ఉంది, ఆ పిల్ల మాత్రం చూసీ చూడకుండా పోయి ముసలాయన పక్కన కూలబడింది, మార్వా సగం లేచి ఆగింది, పిలుద్దామా, పిలిస్తే ఏమనుకుంటారు, పిలవకపోతే ఏమవుతుంది. ఆయన జేబులోంచి బిళ్ళ తీసి ఇచ్చాడు. డార్లా పళ్ళతో కాగితం విప్పింది, ఆయన చూసి చూడనట్టు ఊరుకున్నాడు, మర్యాదస్తుడు.

“నీకూ పదింటికేనా తల్లీ?” అన్నాడు.

“ఆ. మీరు క్రూస్ గారు కదా. నా కేసే.”

ఆయన చప్పరించడం ఆపాడు. “నీదా? నాకేం చెప్పలేదమ్మా వీళ్ళు. నన్నడిగేదల్లా నేనెక్కడ పడుకున్నాను, ఎక్కడ ఉందామనుకున్నాను, ఇదే. ఏం చెబితే నీకు మంచిది?”

మార్వా కళ్ళు మూసుకుంది. ముప్ఫై మూడేళ్ళ వకీలుతనం ఒక్కపెట్టున గొంతులోకి వచ్చింది. డార్లా బిళ్ళను ఒక బుగ్గలోంచి ఇంకో బుగ్గలోకి మార్చుకుని, “మీకు గుర్తున్నది చెప్పండి చాలు. నేనూ అదే చేశాను,” అంది. ఆ తర్వాత ఇద్దరూ నీళ్ళ గురించి మాట్లాడుకున్నారు, ఆ ఏడు మేనమామ పొలంలో నాటు ఎంత ఆలస్యమైందో, ఆయన నేలమాళిగలో చేపలు ఎలా తిరిగాయో. చేపలు నా వాషింగ్ మిషన్ కూడా చూసిపోయాయి అన్నాడాయన. డార్లా నవ్వింది. ఈ నాలుగేళ్ళలో ఆ నవ్వు మార్వా విన్నది ఎన్నిసార్లు, రెండు, మూడు. ఆమె మొదట వచ్చిన రోజున, ‘పక్క వీధిలో కౌంటీ కోర్టు ఉంది కదా, అక్కడ వేస్తే పోలా’ అంది. అక్కడయితే ఎవరు ఎక్కడివాళ్ళన్న బాధే లేదు. తనే వద్దంది. కౌంటీలో సగం మంది ప్రెయిరీ బెండ్‌కి గింజలు అమ్మేవాళ్ళే, జ్యూరీ వాళ్ళలోంచే వస్తారు, ఫెడరల్ అయితే దూరపు ఊళ్ళ వాళ్ళు ఉంటారు అని చెప్పింది, నిజమే, కానీ అదొక్కటే నిజం కాదు. ఆ ఎత్తు కప్పు కింద నిలబడి పెద్ద కేసు నడపాలని ఉండింది. వీలునామాలూ విడాకులూ కంచె తగాదాలతో జుట్టు నెరిసిపోయింది, ఒక్కసారి, ఒక్కసారి చాలు అనుకుంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు, తను ఇల్లు దాటి నేరుగా రచ్చకే పోయింది. ఇప్పుడు కౌంటీలో వెయ్యడానికి గడువు దాటి రెండేళ్ళ పైమాటే.

పది కాగానే పిలిచారు. జడ్జి ఆస్గుడ్ పొట్టి మనిషి, కుర్చీలో వెనక్కి ఆనుకుంటే కనపడదని ఎప్పుడూ ముందుకు వంగే కూర్చుంటుంది. క్రూస్ ప్రమాణం చేశాడు. ప్రశ్నలు ఆవిడే మొదలుపెట్టింది.

“క్రూస్ గారూ, మే రెండో తారీఖు, గురువారం. ఆ రోజు మీ ఇల్లెక్కడ?”

“ఏ ఇల్లమ్మగారూ? చేపలున్నదా, నేనున్నదా?”

“మీది అని మీరు అనుకున్నది.”

ఆయన ఆలోచించాడు. ఆ గదిలో అందరూ ఆగిపోయారు, టైపు చేసే అమ్మాయి వేళ్ళు గాల్లో ఉన్నాయి, కాపలావాడు కాలు మార్చుకోవడం మానేశాడు, మార్వాకి అనిపించింది, ఏ దేశంలోనైనా ఏ కాలంలోనైనా ఇలా జరిగి ఉంటుందా, ఒక రాజ్యం తన పనంతా పక్కన పెట్టి, గుండీ ఊడిన చొక్కా వేసుకున్న ఒక లాకు కాపలాదారుని, నాయనా, ఫలానా రోజున నీ మనసు ఎక్కడుంది, నువ్వు చెబితేనే మాకు అధికారం ఉందో లేదో తెలుస్తుంది అని అడగడం. కాఫీ కప్పు కడక్కుండానే వచ్చేశానమ్మగారూ, అంటే తిరిగి పోదామనేగా, అన్నాడు. మళ్ళీ ఎప్పుడు మనసు మారిందో సరిగ్గా చెప్పడం కష్టం అన్నాడు. శాండ్‌క్విస్ట్ లేచి గుచ్చి గుచ్చి అడిగితే, ఈస్టర్ నాడు జోలీన్ ఇంట్లో పంది మాంసం కోసి పెడుతుంటే ఇక ఇక్కడేనేమో అనిపించిందన్నాడు, అనిపించడం వేరు కదా బాబూ, మనిషికి వంద అనిపిస్తాయి అని కూడా అన్నాడు. ఈస్టర్ అంటే ఏప్రిల్ ఇరవై ఒకటి. గురువారానికి పదకొండు రోజుల ముందు. కానీ అనిపించడంతో ఒడ్డు మారదు. శాండ్‌క్విస్ట్ మొహం వాడింది.

మార్వా లేచింది. లైసెన్సు సెప్టెంబరులోనేనా, అవును. ఓటు నవంబరులోనేనా, అవును. పన్ను ఇల్లినాయ్‌కేనా, అవును, ఎక్కువే పట్టారు. ఇంక కూర్చో. కూర్చో మార్వా. జవాబు తెలియని ప్రశ్న అడగకూడదని తన దగ్గర పని నేర్చుకున్న ప్రతివాళ్ళకీ మొదటి రోజే చెబుతుంది, ప్రార్థనాలయం ఆడవాళ్ళ కూటమిలో కేకు కోస్తూ కూడా చెప్పింది. భారం వాళ్ళది, వాళ్ళు మోయలేకపోయారు, అయిపోయింది, డార్లా బయటపడింది. కాళ్ళు వంగలేదు. ఆ ముసలాయన తన వంక చూస్తున్నాడు, ఇంకా ఏదో చెప్పాల్సింది ఉన్నవాడి చూపు అది, అడిగితే చెబుతాడు, అడగకపోతే ఇంటికి పోతాడు. ఈ భవనమంతా ఆ మనిషి లోపలి ఒక్క మాట మీద నిలబడి ఉందని తెలిసాక, ఆ మాట ఏమిటో వినకుండా కూర్చోవడం తన వల్ల కాలేదు. గెలవాలని అడిగిందా, తెలుసుకోవాలని అడిగిందా, తర్వాత ఎన్నిసార్లు తరిచి చూసుకున్నా తేల్చుకోలేకపోయింది.

“ఈస్టర్ నాడు అనిపించిందన్నారు. ఆ మాట ఎవరితోనైనా అన్నారా?”

“జోలీన్‌తో అన్లేదండీ. అప్పుడే గది సర్దేస్తానని హడావుడి చేస్తుంది.”

“అయితే ఎవరితోనూ అనలేదు.”

“వెర్నాతో అన్నాను.”

వెర్నా ఆయన భార్య. రాక్ ఐలండ్ శ్మశానంలో ఉంది.

“మర్నాడు సోమవారం పొద్దున్నే పోయాను,” అన్నాడాయన, ఎవరూ అడక్కుండానే. “అది మిట్ట మీదుంది, నీళ్ళు రావు. అనిపించింది నిజమో కాదో ఆవిడ ముందు అంటే గానీ నాకు తెలీదండీ, పెళ్ళయిన్నాటి నుంచీ అంతే. ‘వెర్నా, నేను ఇంక ఆ ఇంటికి పోను. పిల్ల దగ్గరే ఉండిపోతా. ఆదివారాలు ఇక్కడికొస్తా. నువ్వు ఇంటి దగ్గర నా కోసం చూడకు’ అన్నాను.”

ఇంక అడగడానికేం మిగల్లేదు. ఎవరి మీదా కోపం రాలేదు మార్వాకి, తన మీద కూడా ఇంకా రాలేదు, వస్తుంది, దానికి బోలెడు టైముంది. ఆ క్షణాన ఆమెలో ఉన్నది ఒక్కటే, చిన్నప్పుడు తండ్రి భుజాల మీద కూర్చుని వరద నదిని మొదటిసారి చూసినప్పటి నిశ్శబ్దం. జడ్జి ఆస్గుడ్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. ప్రతివాది సంస్థలో ఒక సభ్యుడు ఆ రోజుకి అయోవా వాడు, వాదీ అయోవా మనిషే, కాబట్టి ఈ తగవు తీర్చే అధికారం ఈ కోర్టుకి ఏనాడూ లేదు అంది. “నాలుగేళ్ళుగా ఈ కేసులో నేనిచ్చిన ప్రతి ఆర్డరూ నాది కాని అధికారంతో ఇచ్చాను. జ్యూరీ తీర్పుతో సహా అన్నీ రద్దవుతాయి. ఇంతకు మించి హింక్ గారితో ఒక్క మాట చెప్పే హక్కు కూడా నాకు లేదు.” ఆ చివరి మాట దగ్గర ఆవిడ గొంతు కొంచెం తడబడింది, తడబడిందని మార్వా ఎక్కడైనా ప్రమాణం చేసి చెబుతుంది. శాండ్‌క్విస్ట్ కాగితాలు సర్దుకుంటూ తల ఎత్తలేదు. క్రూస్ బోను దిగి, డార్లా పక్కనుంచి పోతూ ఆగాడు, ఏదో అనబోయాడు, ఆమె ఆయన మోచేయి మీద చెయ్యి వేసి తీసింది.

వరండాలో మళ్ళీ అదే బల్ల. డార్లా కూర్చుంది, మార్వా కూర్చోలేదు.

“అంటే ఆ ఎనిమిది మంది నన్ను నమ్మింది ఉత్తిదేనా?”

“చట్టం లెక్కలో అసలు జరగలేదు,” అంది మార్వా. “తప్పు నాది డార్లా. మొదటి పేజీలోనే చేశాను. ఇది నేను నీకు ఇప్పుడే, నా నోటితోనే చెప్పాలి. ప్రెయిరీ బెండ్ మీద గడువైపోయింది. నా మీద కాలేదు. నా మీద వెయ్యి కేసు.”

“మీ మీదా?”

“ఆ. నా నిర్లక్ష్యం వల్ల నీ కేసు పోయిందని. నువ్వు అయోవా, నేను అయోవా, కౌంటీ కోర్టుకి పో. నా తప్పు నేను ఒప్పుకుంటాను. కానీ అదొక్కటే చాలదు. ఆ కేసు నిలబడి ఉంటే నువ్వు గెలిచేదానివని కూడా తేలాలి. అంటే ఆ మర, ఆ మూత, అంతా మళ్ళీ కొత్త వాళ్ళ ముందు చెప్పాలి.”

“మొదట్నించీ?”

“మొదట్నించీ.”

డార్లా చొక్కా ఖాళీ చేతిని మడిచి పిన్ను గుచ్చిన చోట తడుముకుంది, ఆలోచించేటప్పుడు అది ఆమె అలవాటు. “అయితే ఈసారి మూత నేనే పీకానని మీ తరఫు లాయరు అంటాడా?”

మార్వా అంతదాకా ఆలోచించలేదు. ఆలోచిస్తే నిజమే, వకీళ్ళ తప్పులకు డబ్బు కట్టే ఇన్సూరెన్సు వాళ్ళు తన తరఫున పెట్టే వకీలు నేరుగా అక్కడికే పోతాడు, శాండ్‌క్విస్ట్ కాగితాలన్నీ తెప్పించుకుని మరీ పోతాడు. “అనాలనే చూస్తాడు,” అంది. “పక్క కుర్చీలో నేనుంటాను. అననివ్వను. అన్నా, బోనెక్కి కాదని చెబుతాను.”

డార్లా ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది, ఆ ఎనిమిది మందిని తొమ్మిది రోజులు చూసినట్టే చూసింది. తర్వాత, “సరే. మరి కాగితాలు ఎవరి చేత రాయించమంటారు?” అని అడిగింది.

మార్వా పెన్ను తీసి, ముప్ఫై ఏళ్ళుగా తనకు బొత్తిగా పడని వకీలు ఒకడి పేరు, ఫోన్ నంబరు రాసిచ్చింది.